కీమో వార్డులో మందు ఎక్కడెక్కడ అంటుకుంటుంది: ఒక నర్సు కేసు

ముప్పై దాటిన స్టాఫ్ నర్సు. నాలుగేళ్లుగా డే కేర్ కీమోథెరపీ వార్డులో పనిచేస్తున్నారు. చర్మ వైద్యులు ఆమెను నా దగ్గరకు పంపుతూ చీటీలో 'చేతులకు ఎగ్జిమా, గ్లౌజుల అలర్జీ అని అనుమానం' అని రాశారు. ఆస్పత్రి సిబ్బంది ఆరోగ్యం చూడటం నా పని కాబట్టి ఇలాంటి చీటీలు తరచూ వస్తుంటాయి. చాలావాటికి కారణం సబ్బో, గ్లౌజుల్లోని రబ్బరు రసాయనాలో అయి ఉంటుంది. ఈమెకు లేటెక్సు మాన్పించి నైట్రైల్ గ్లౌజులు ఇచ్చి చూశారు. రబ్బరు రసాయనాలకు ప్యాచ్ టెస్టు (చర్మం మీద అంటించి చూసే అలర్జీ పరీక్ష) కూడా చేశారు, దేనికీ ప్రతిచర్య రాలేదు. అయినా చేతులు మానలేదు.

చర్మం చెడిన చోటును బట్టే నాకు అనుమానం మొదలైంది. రెండు మణికట్ల చుట్టూ వేలెడు వెడల్పున ఎర్రటి పట్టీ ఉంది. చర్మం మందమై, అక్కడక్కడ పగిలింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కూడా అలాగే ఉంది. గ్లౌజు పడకపోతే గ్లౌజు కప్పిన చోటంతా దద్దురు రావాలి. ఈమె అరచేయి, వేళ్ల వెనక భాగం శుభ్రంగా ఉన్నాయి. గ్లౌజు ముగిసి, గౌను చేతి అంచు మొదలయ్యే మధ్యలో, ఏదీ కప్పని చోటే చర్మం ఎక్కువగా దెబ్బతింది.

వృత్తి సంబంధమైన జబ్బుల్లో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సెలవులో ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? "పూర్తిగా తగ్గిపోతుంది మేడమ్. డ్యూటీలో చేరిన మూడు నాలుగు రోజులకు మళ్లీ మొదలవుతుంది" అన్నారు. ఒక్కొక్కటే అడుగుతూ పోతే మిగతావి బయటపడ్డాయి. సాయంత్రానికి తలనొప్పి, నోట్లో లోహపు రుచి, కొన్ని రోజులు వికారం. జుట్టు బాగా రాలుతోంది. ఇవి కూడా సెలవుల్లో తగ్గుతున్నాయి. వార్డులో ఇంకెవరికైనా ఇలా ఉందా అంటే, "అందరికీ ఉన్నదే కదా మేడమ్, కీమో వార్డంటే అంతే" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. రోజూ వచ్చే తలనొప్పిని ఉద్యోగంలో భాగమని అంతమంది ఒప్పుకుని బతుకుతున్నారన్నమాట.

వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి మరో సంగతి చెప్పారు. కిందటి ఏడాది తొలి గర్భం తొమ్మిదో వారంలో పోయింది. ఇప్పుడు మళ్లీ ప్రయత్నించాలనుకుంటున్నారు. "ఈ వార్డులో ఉండొచ్చా మేడమ్? మార్చమని అడిగితే పని తప్పించుకుంటున్నానని అనుకుంటారేమో." అసలు ఆమె నన్ను అడగాలనుకున్న ప్రశ్న అదేనని, చేతుల గురించి కాదని అప్పుడు అర్థమైంది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఈ మందులు నర్సుకు ఎందుకు ప్రమాదం

క్యాన్సర్ మందుల్లో చాలావాటి పని కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీయడం, లేదా కణం రెండుగా విడిపోకుండా ఆపడం. ఈ వైద్యానికి తొలి మెట్టు 1942లో వాడిన నైట్రోజన్ మస్టర్డ్. యుద్ధ వాయువుల మీద జరిగిన పరిశోధనలోంచి వచ్చింది అది. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, మెల్ఫలాన్ అదే కుటుంబానికి చెందినవి. ప్రాణం మీదికి వచ్చిన రోగికి ఈ మందు వల్ల కలిగే మేలు హాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అదే మందు నర్సు చర్మం గుండా లోపలికి వెళితే ఆమెకు దక్కే మేలేమీ లేదు, మిగిలేది హాని మాత్రమే. రోగికి వెళ్లే మోతాదుతో పోలిస్తే నర్సుకు సోకేది చాలా కొద్ది. కానీ రోగి ఆ మందును కొన్ని నెలలు వాడి ఆపేస్తాడు. నర్సు పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒకటి కాదు పది రకాల మందుల మధ్య తిరుగుతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1979లో ఫిన్లాండ్ పరిశోధకులు ఈ మందులతో పనిచేసే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చే లక్షణం ఎక్కువగా ఉందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 1985లో ఫిన్లాండ్ నర్సుల మీదే జరిగిన మరో అధ్యయనం, గర్భం తొలి మూడు నెలల్లో ఈ మందులు సోకడానికీ గర్భం పోవడానికీ సంబంధం ఉందని చూపింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సైక్లోఫాస్ఫమైడ్‌ను, మెల్ఫలాన్‌ను, క్లోరాంబుసిల్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో పెట్టింది. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 2004లో ఆస్పత్రులకు హెచ్చరిక జారీచేసి, ప్రమాదకరమైన మందుల జాబితా ప్రచురించింది. ఆ జాబితాను 2024లో మళ్లీ సవరించారు. ఇంత కాలం తర్వాత కూడా తలనొప్పిని 'కీమో వార్డంటే అంతే' అని సరిపెట్టుకోవాల్సిన అవసరం ఏ నర్సుకూ ఉండకూడదు.

పరీక్షలు

రక్త కణాల లెక్క, కాలేయ, మూత్రపిండాల పరీక్షలు అన్నీ మామూలుగా ఉన్నాయి. ఇలాంటి రిపోర్టు చేతికి రాగానే 'మీకేమీ లేదు' అని పంపేయడం చాలాచోట్ల జరుగుతుంది. తెల్ల రక్తకణాలు తగ్గేదాకా ఎదురుచూడటం అంటే దెబ్బ తగిలేదాకా ఎదురుచూడటమే. రక్త కణాల లెక్క ఏడాదికోసారి చేయించాల్సిందే, కానీ మందు సోకడం లేదని అది చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే మందునే వెతకాలి.

ఆ వార్డులో ఎక్కువగా వాడేది సైక్లోఫాస్ఫమైడ్ కాబట్టి దాన్ని ఎంచుకున్నాను. శరీరంలోకి వెళ్లినదాంట్లో కొంత భాగం మారకుండా మూత్రంలోకి వస్తుంది. నానోగ్రాముల్లో ఉన్నా పట్టుకోగల మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష ఉంది. ఆ మందు వాడని మనిషి మూత్రంలో అది కనబడితే, ఎక్కడో ఒకచోట లోపలికి వెళ్లిందనే అర్థం, దానికి వేరే వివరణ లేదు. డ్యూటీ ముగిసేటప్పుడు ఒకటి, మర్నాటి ఉదయం ఒకటి చొప్పున నమూనాలు తీసుకున్నాం. ఈమెవి మాత్రమే తీసుకుంటే వార్డులో అందరి కళ్లూ ఈమె మీద పడతాయి. అందుకని సమ్మతించిన వార్డు సిబ్బంది అందరివీ, మందు కలిపే ఫార్మసిస్టువీ, వార్డు ఆయాలవీ కూడా తీసుకున్నాం. ఎవరి ఫలితం వారికే చెబుతానని, పై అధికారులకు పేర్లు లేకుండా మొత్తం లెక్క మాత్రమే ఇస్తానని ముందే రాతపూర్వకంగా మాట ఇచ్చాను. లేకపోతే ఒక్కరు కూడా ముందుకు వచ్చేవారు కాదు.

మందు కలిపే గది

ఫలితాలు వచ్చేలోపు పని జరిగే తీరు చూద్దామని వెళ్లాను. నన్ను ముందుగా తీసుకెళ్లింది మందు కలిపే గదికి. చూపించడానికి గర్వపడదగ్గ గదే. రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్ (మందు కలిపేవారికి సోకకుండా కాపాడే పెట్టె) ఉంది, గాలి పైనుంచి కిందికి వచ్చి, వడపోత గుండా బయటకు పోతుంది. ఒకప్పుడు చాలా ఆస్పత్రుల్లో గాలి అడ్డంగా వీచే బల్లల మీద ఈ మందులు కలిపేవారు. ఆ గాలి మందును సూక్ష్మజీవుల నుంచి కాపాడుతూ నేరుగా కలిపేవారి ముఖం మీదికి వచ్చేది. ఇక్కడ ఆ లోపం లేదు. ఫార్మసిస్టు రెండు జతల గ్లౌజులు, వెనక కట్టుకునే గౌను వేసుకుని, సీసాలో ఒత్తిడి పెరగకుండా జాగ్రత్తగా మందు తీస్తున్నారు. తనిఖీకి వచ్చినవారంతా ఈ గది చూసి సంతృప్తిగా వెళ్లిపోయి ఉంటారు.

ఒక్క విషయం దగ్గర ఆగాను. కంపెనీ నుంచి వచ్చే మందు సీసాల బయటి వైపున కూడా మందు అంటి ఉండవచ్చని ఎన్నో ఆస్పత్రుల్లో జరిపిన పరీక్షల్లో తేలింది. ఆ సీసాలను పెట్టెలోంచి తీసి సర్దేవారు ఇక్కడ గ్లౌజులు వేసుకోవడం లేదు. ఆ చేతులతోనే ట్రేలు, ఫైళ్లు, తలుపు గడియ ముట్టుకుంటున్నారు.

వార్డులో చూసినవి

కలిపిన మందు బ్యాగు ప్లాస్టిక్ ట్రేలో వార్డుకు వచ్చింది. అక్కడి నుంచి కథ మారిపోయింది.

నర్సు ఒక జత సాధారణ పరీక్ష గ్లౌజులు వేసుకున్నారు. బ్యాగును స్టాండుకు తగిలించారు. అది ఆమె కళ్ల ఎత్తులో ఉంది. తల ఎత్తి, ఐవీ సెట్టు (మందును నరంలోకి తీసుకెళ్లే గొట్టం) చివర ఉండే మొనను, అంటే స్పైకును, బ్యాగు మూతిలోకి గుచ్చారు. గుచ్చేటప్పుడు మూతి అంచున ఒక చుక్క ఊరి, స్పైకు వెంట జారి, గ్లౌజు మీదుగా మణికట్టు వైపు వచ్చింది. గౌను చేయి పొట్టిగా ఉంది, గ్లౌజు ఇంకా పొట్టిగా ఉంది. ఆ తర్వాత గొట్టంలో గాలి పోవడానికి మందునే వదిలారు. చివరి నుంచి పడుతున్న చుక్కలు కిడ్నీ ట్రేలోని దూది మీద పడుతుంటే బుడగలు పోయేదాకా చూసి రోలరు బిగించారు. ట్రేను పక్క బల్ల మీద పెట్టారు. అదే గ్లౌజుతో పంపు మీటలు నొక్కారు, రోగి చేతి ప్లాస్టరు సరిచేశారు, జేబులోంచి పెన్ను తీసి చార్టులో టైము రాశారు. అప్పుడు గ్లౌజులు తీసి చేతులకు శానిటైజర్ రాసుకున్నారు.

ఆమె చాలా నేర్పుగల నర్సు. ఇరవై మంది రోగులున్న వార్డులో ఒక్క మోతాదు కూడా తప్పకుండా, ఒక్క రోగిని కూడా విసుక్కోకుండా పనిచేస్తున్నారు. తనకు నేర్పిన పద్ధతినే పాటిస్తున్నారు. లోపం ఆ పద్ధతిలో ఉంది. గొట్టంలోని గాలి తీయడానికి మందును వాడటం, కళ్ల ఎత్తులో స్పైకు గుచ్చడం, మందుకు తట్టుకుంటాయో లేదో పరీక్షించని గ్లౌజులు వాడటం, ఇవన్నీ ఆమె చేరకముందే వార్డులో స్థిరపడిపోయాయి. శానిటైజర్ సంగతి మరీ ముఖ్యం. అది సూక్ష్మజీవులను చంపుతుంది, మందును ఏమీ చేయలేదు. చేతి మీద ఉన్నదాన్ని మరింత పలచగా పరుస్తుంది, అంతే. సబ్బు, నీళ్లతో కడిగితేనే పోతుంది.

ఒక బ్యాగు అయిపోయాక గొట్టం ఆదా చేయడానికి స్పైకు పీకి తర్వాతి బ్యాగుకు గుచ్చుతున్నారు. పీకిన ప్రతిసారీ నాలుగు చుక్కలు నేల మీద పడుతున్నాయి. మింగలేని రోగికి ముక్కు గొట్టం ద్వారా ఇవ్వడానికి మందు మాత్రను కాగితం మధ్య పెట్టి చిదపడం కూడా చూశాను. ఆ పొడి గాలిలో లేచి చిదిపేవారి ముక్కులోకి వెళుతుంది. మామూలు సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మరుగుదొడ్డి. రోగికి ఇచ్చిన సైక్లోఫాస్ఫమైడ్‌లో సుమారు 10 నుంచి 20 శాతం మారకుండానే మూత్రంలో పోతుంది. అందుకే మందు ఇచ్చాక కనీసం 48 గంటలు రోగి మూత్రం, మలం, వాంతి, చెమట పట్టిన దుప్పట్లు కూడా మందుతో సమానంగా చూడాలి. ఈ వార్డులో కొంతమంది రోగులకు మూత్రం కొలిచి రాయాలి. ఆ పని ఆయాది. ఆమె యూరినల్‌లోని మూత్రాన్ని కొలత పాత్రలోకి ఒంపి, అంకె చూసి, కమోడ్‌లో పై నుంచి పోసి, మూత వేయకుండానే ఫ్లష్ లాగారు. చేతికి గ్లౌజు ఉంది, అది గదులు తుడిచేటప్పుడు వేసుకున్న గ్లౌజే. "ఇది మందు కాదు కదమ్మా, మూత్రమే" అన్నారు నాతో. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దీపాలు ఆర్పిన గదిలో

చెబితే నమ్మడం కష్టమని, చూపించాలని నిర్ణయించుకున్నాను. ఫ్లోరెసీన్ అనే రంగును సెలైన్ బ్యాగులో కలిపితే మామూలు వెలుతురులో అంతగా కనబడదు, అతినీలలోహిత దీపం కింద పచ్చగా మెరుస్తుంది. ఖాళీగా ఉన్న గదిలో ఒక మంచం, స్టాండు, పంపు, చార్టు పెట్టి, రోజూ చేసినట్టే చేయమని అడిగాం. రోగి చేయి బదులు బొమ్మ చేయి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదని, పద్ధతిని పరీక్షిస్తున్నామని ముందే చెప్పాం. నర్సింగ్ సూపరింటెండెంట్ తానే మొదట చేశారు. దాంతో మిగిలినవారికి జంకు పోయింది.

దీపాలు ఆర్పి అతినీలలోహిత దీపం వేసేసరికి గది నిశ్శబ్దమైపోయింది. పంపు మీటలు, పెన్ను, చార్టు మూల మెరుస్తున్నాయి. ఒకరి ఫోను వెనక వేలి ముద్రలు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు, వంగినప్పుడల్లా ట్రే అంచుకు తగిలి, ఆ తర్వాత గౌను ముందు భాగమంతా మరకలు చేసింది. ఒక సిస్టర్ నుదుటి మీద, వెంట్రుకలు వెనక్కి తోసుకున్న చోట, మసక గీత. కాటుక అంటిన వేలు ఇల్లంతా తిరిగినట్టు ఉంది. ఈ కేసులోని నర్సు తన మణికట్లు దీపం కిందికి తెచ్చి చూసుకున్నారు. ఎగ్జిమా ఉన్న పట్టీ మీదే పచ్చటి గీత పడింది.

ఆ రంగు మందు కాదు. మందు ఎంత లోపలికి వెళ్లిందో అది చెప్పదు. ఎక్కడికి వెళుతుందో చెబుతుంది. దాన్ని ఆధారంగా చేసుకునే అసలు మందు కోసం ఎక్కడెక్కడ తుడిచి నమూనాలు తీయాలో నిర్ణయించాం. పంపు మీటల మీద, నర్సుల బల్ల దగ్గరి ఫోను మీద, రోగి కుర్చీ చేతుల మీద, ఫ్లష్ మీట మీద సైక్లోఫాస్ఫమైడ్ దొరికింది. బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు నేల మీద దొరకలేదు.

మూత్ర పరీక్షల ఫలితాలూ అదే చెప్పాయి. రోజూ గంటల తరబడి మందు కలిపే ఫార్మసిస్టు మూత్రంలో మందు లేదు. ఈ నర్సు మూత్రంలో ఉంది. పగటి డ్యూటీలో ఉన్న మరికొందరు నర్సుల్లోనూ ఉంది. మందు సీసాను ఎన్నడూ ముట్టుకోని ఆయా మూత్రంలో ఉంది. మందును ముట్టుకునేవారికే ప్రమాదమనే ఆలోచన మీద నిలబడిన రక్షణ వ్యవస్థ లోపాన్ని చూపడానికి ఆ ఒక్క ఫలితం చాలు. రక్షణ మొత్తం ఒక గదిలో పోగుపడింది. మందు మాత్రం ఆ గది దాటి, వార్డు గుండా, మరుగుదొడ్డి దాకా వెళుతోంది.

'ఎంత ఉంటే ప్రమాదం మేడమ్?' అని అందరూ అడిగారు. ఇంతవరకు ఫర్వాలేదని చెప్పగల సురక్షిత హద్దు ఈ మందులకు ఎవరూ నిర్ణయించలేదు. డీఎన్‌ఏను దెబ్బతీసే పదార్థాలకు అలాంటి హద్దు పెట్టడం కష్టం. అందుకే వీలైనంత తక్కువకు తేవడమే లక్ష్యం అని చెప్పాను.

మార్చినవి

యాజమాన్యం మొదట అడిగింది ఖర్చు గురించి. మందు బయటకు రాకుండా సీసా నుంచి రోగి నరం దాకా మూసి ఉంచే క్లోజ్డ్ సిస్టమ్ పరికరాలు ఉన్నాయి, వాటి ధర ఎక్కువ. వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, దాదాపు ఖర్చు లేని మార్పుతో మొదలుపెట్టాలని పట్టుబట్టాను. ఐవీ సెట్టును మందు కలిపే గదిలోనే, క్యాబినెట్ లోపల, మందు చేర్చకముందే వట్టి సెలైన్‌తో నింపి బ్యాగుకు తగిలించి పంపాలి. వార్డులో నర్సు ఇక గాలి తీయాల్సిన పని లేదు, స్పైకు గుచ్చాల్సిన పని లేదు. మందు అయిపోయాక సెలైన్‌తో గొట్టం కడిగి, బ్యాగును, గొట్టాన్ని విడదీయకుండా ఒకటిగా చెత్త డబ్బాలో వేయాలి. గొట్టాల ఖర్చు కొంచెం పెరిగింది. ఒక్క చుక్క నేల మీద పడకుండా పోయింది. ఈ ఒక్క మార్పుతో వార్డులోని మందు తాకిడి ఎంత తగ్గుతుందో ఆ తర్వాత తుడిచి తీసిన నమూనాలే చూపించాయి. అంతగా పనిచేసిన మార్పు ఇంకొకటి లేదు.

గ్లౌజులు మార్చాం. కీమో మందులు చొరబడకుండా పరీక్షించినవి, రెండు జతలు, లోపలిది గౌను చేతి అంచు కింద, బయటిది పైన. అరగంటకోసారి, చిరిగితే అప్పుడే మార్చాలి. పొడవు చేతుల, నీరు చొరని గౌను. ఫోను, పెన్ను ముట్టుకునే ముందు బయటి జత తీసేయాలి. గుర్తింపు కార్డు గౌను లోపలికి. మాత్రలు వార్డులో చిదపడం ఆపి, ద్రవ రూపంలో ఇవ్వడానికి ఫార్మసీకి అప్పగించాం. బల్లలు స్పిరిట్‌తో తుడవడం మానిపించాం, అది కూడా మందును పరుస్తుంది. హైపోక్లోరైట్ చాలా మందులను నిర్వీర్యం చేస్తుంది, అన్నిటినీ కాదు. అందుకే దాని తర్వాత సబ్బు నీటితో తుడవడం తప్పనిసరి చేశాం.

మరుగుదొడ్డి విషయంలో మార్పు తేవడం అన్నిటికంటే కష్టమైంది. మూత్రం కొలవడం నిజంగా అవసరమైన రోగులు ఎవరో క్యాన్సర్ వైద్యులతో కూర్చుని తేల్చాం. అలవాటుగా రాస్తున్న ఆదేశాలు సగానికి పైగా తీసేశారు. కొన్నిచోట్ల రోగి బరువు చూస్తే సరిపోతుంది. తప్పనిసరిగా కొలవాల్సినచోట ఒకసారి వాడి పారేసే పాత్రలు, ముఖానికి అడ్డు, మూత వేశాకే ఫ్లష్. రోగి మంచం దగ్గర 48 గంటల గుర్తు ఉన్న పసుపు కార్డు. దుప్పట్లకు వేరే సంచి. ఈ శిక్షణ ఆయాలకు, వార్డు బాయ్‌లకు నర్సులతో పాటు, అదే గదిలో ఇచ్చాం.

గర్భస్రావం సంగతి

ఆమె గర్భం పోవడానికి ఈ మందులే కారణమా? కావని చెప్పలేను, అవునని కూడా రాయలేదు. తెలిసిన గర్భాల్లో సుమారు 10 నుంచి 20 శాతం ఏ మందూ సోకకుండానే పోతాయి, తొలి వారాల్లో పోయేవాటిలో ఎక్కువ భాగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. మరోవైపు, అమెరికాలో వేలమంది నర్సుల మీద సాగుతున్న అధ్యయనంలో భాగంగా 2012లో వచ్చిన ఫలితాలు, తొలి మూడు నెలల్లో క్యాన్సర్ మందులతో పనిచేసినవారిలో గర్భస్రావం ముప్పు రమారమి రెట్టింపు ఉందని చూపాయి. గుంపు మీద నిజమైన ఆ సంఖ్య ఒక మనిషి కథలో కారణాన్ని తేల్చదు. 'వృత్తిలో మందు సోకినట్లు ధ్రువపడింది. గర్భస్రావానికి అది కారణమై ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం' అని ఆమె ఫైలులో రాశాను. రెండో వాక్యం చదివి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా తప్పేమీ లేదన్నమాట" అన్నారు. లేదని చెప్పాను. కిందటి ఏడాదంతా ఆమె మెట్లు ఎక్కినందుకు, రాత్రి డ్యూటీ చేసినందుకు తననే నిందించుకుంటూ గడిపారు.

ఆమె ప్రశ్నకు నా జవాబు: గర్భం కోసం ప్రయత్నించే దశ నుంచే ఈ మందులకు దూరంగా ఉండే పని కోరడం ఆమె హక్కు. అవయవాలు ఏర్పడే తొలి వారాలు, గర్భం వచ్చిందని తెలిసే సరికే సగం గడిచిపోతాయి. కాబట్టి 'గర్భం ఖాయమయ్యాక చెప్పండి' అనే నియమం వల్ల ఉపయోగం తక్కువ. పాలిచ్చే తల్లులకూ ఇదే వర్తిస్తుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న పురుష నర్సులకు, వార్డు బాయ్‌లకు కూడా వర్తించాలి, ఈ మందుల్లో కొన్ని వీర్యకణాలను దెబ్బతీస్తాయి. ఆ ఆస్పత్రిలో పని మార్పు దరఖాస్తులో కారణం రాయాల్సిన గడి ఉండేది. ఏ స్త్రీ అయినా తన కుటుంబ నిర్ణయాన్ని పై అధికారి బల్ల మీద పెట్టాల్సి రావడం నాకు సమ్మతం కాలేదు. వాదించి ఆ గడిని తీయించాం. ఇప్పుడు 'ఆరోగ్య విభాగం సిఫారసు' అని ఉంటే చాలు, జీతభత్యాలు, సీనియారిటీ మారవు.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. ఒకరిని వార్డు నుంచి తప్పించడంతో వార్డు బాగుపడదు. ఆమె వెళితే ఆ స్టాండు దగ్గర ఇంకొకరు నిలబడతారు. ఆ ఇంకొకరు కొత్తగా చేరిన, పెళ్లి కాని, ఏమీ అడగలేని అమ్మాయి అయి ఉంటుంది. అందుకే పని మార్పు కాగితం మీద సంతకం చేసిన రోజే వార్డు మార్పుల పట్టికకు గడువులు కూడా రాయించుకున్నాను.

ఆ తర్వాత

ఆమె బయటి రోగుల విభాగానికి మారారు. చేతులు పూర్తిగా మానాయి, తలనొప్పి పోయింది. మూత్రంలో మందు లేదు. అంతకంటే నాకు ముఖ్యమైన ఫలితం ఏమిటంటే, వార్డులోనే ఉండిపోయిన నర్సుల్లో కూడా ఎక్కువమంది మూత్రంలో, మార్పుల తర్వాత రెండోసారి పరీక్షిస్తే, మందు కనబడలేదు. ఫోను మీద, పంపు మీటల మీద మళ్లీ దొరకలేదు. కుర్చీ చేతుల మీద ఇంకా జాడ ఉంది. రోగి చెమట, చేతులు అక్కడ తగులుతాయి కాబట్టి అది పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు. రోగులు మారినప్పుడల్లా తుడవడం ఆగకూడదు.

ఫ్లష్ మీట మీద మాత్రం మళ్లీ దొరికింది, ఒక ఆయా మూత్రంలోనూ దొరికింది. వెతికితే కారణం రాత్రి డ్యూటీలో ఉంది. పగటి ఆయాలకు శిక్షణ అందింది. రాత్రి వచ్చేవారిని కాంట్రాక్టరు పంపుతాడు, ప్రతి వారం మనుషులు మారిపోతారు, వాళ్ల పేర్లు ఆస్పత్రి రిజిస్టరులో ఉండవు. సాయంత్రం ఇంటికి వెళ్లలేక వార్డులోనే ఆగిన రోగుల మూత్రం, అది కూడా మందు ఇచ్చిన తొలి రాత్రి మూత్రం, ఆ చేతుల మీదుగానే వెళుతోంది. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఇప్పుడు రాత్రి డ్యూటీ మొదట్లోనే వచ్చిన ఆయాకు గ్లౌజులు, గౌను ఇచ్చి, పసుపు కార్డు చూపించి, ఒకసారి చేయించి చూస్తున్నారు. కాంట్రాక్టు ఆయాలందరినీ మందు సోకే ఉద్యోగుల రిజిస్టరులో చేర్చాలని, వారికీ ఏటా ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పని మార్పు వర్తించాలని యాజమాన్యానికి రాశాను. జవాబు ఇంకా రాలేదు. తర్వాతి భద్రతా కమిటీ సమావేశపు అజెండాలో దాన్నే మొదటి అంశంగా పెట్టించాను.